పన్ను తప్పించుకున్న ఉల్లిపాయల బస్తా

మా నాన్నకు కోపం వస్తే నన్ను 'మీరు' అనేవారు. మామూలుగా 'అమ్మాయ్' అని పిలిచే మనిషి, పేపరు మడిచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఏవండీ టాక్సు మేడంగారూ" అన్నారంటే అసెంబ్లీలో ఎవరో దేని మీదో పన్ను పెంచారని మా అమ్మకూ నాకూ అర్థమైపోయేది. అమ్మ వెంటనే కూరలో ఉప్పు సరిచూసుకునేది. ఆ రోజు ఆయన దేనికైనా ఎగురుతారని ఆమెకు తెలుసు.

అప్పుడు నేను ఏలూరులో, అమ్మకం పన్ను చూసే ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. పెదపాడు దగ్గర మా ఊరి నుంచి రోజూ మోపెడ్ మీద వెళ్ళొచ్చేదాన్ని. నా పనల్లా వచ్చిన కాగితాలకు నంబర్లు వేసి ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి చేర్చడం. రాష్ట్రంలో పన్నులన్నీ నేనే వేస్తున్నానని మా నాన్న నమ్మకం. సేల్స్ టాక్సు పోయి వ్యాట్ వచ్చిన రోజులవి. పేరు మారితే భారం తగ్గుతుందని ఎవరో ఆయనకు చెప్పారు. తగ్గలేదు. సబ్బు కొన్నా, బిస్కెట్లు కొన్నా, ఫ్యాను రెగ్యులేటరు పోయి కొత్తది కొన్నా, ఆ బిల్లు తెచ్చి నా అన్నం కంచం పక్కన పెట్టేవారు.

"చూడండి, మీవాళ్ళు ఎంత నొక్కారో."

"మావాళ్ళేంటి నాన్నా? నేను వేశానా?"

"మీరు వెయ్యలేదు. నంబరు వేశారు కదా. దొంగతనం చేసినవాడూ, మూట ఎత్తినవాడూ ఒకటే."

సబ్బుకూ బిస్కెట్లకూ ఈ మాత్రంతో సరిపెట్టుకునేవారు. సిగరెట్టు సంగతి వేరు. ఆయన మిషను స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు విజిలు తీసిన నోట్లో సిగరెట్టు, సిగరెట్టు తీసిన నోట్లో విజిలు. రిటైరయ్యాక విజిలు ట్రంకు పెట్టెలోకి వెళ్ళింది కాబట్టి దాని వాటా కూడా సిగరెట్టుకే వచ్చింది. ఆ సిగరెట్టు మీద ఏడాదికోసారి పన్ను పెంచుతుంటే ఆయనకు అది రాష్ట్ర బడ్జెట్‌లా కనిపించేది కాదు, తన మీద కక్షలా కనిపించేది.

దానికో కారణం ఉంది. అంతకు ముందు ఎన్నికల్లో ఓట్లు అడగడానికి ఒకాయన మా వీధికి వచ్చాడు. వెనక ముప్పై మంది. ఎండకు అలిసిపోయి మా అరుగు మీద కూర్చుని, మా నాన్న జేబులోని పెట్టె చూసి, "ఏం మేష్టారూ, ఒకటి ఇలా ఇవ్వండి" అన్నాడు. మా నాన్న ఒకటి తీసిచ్చి, అగ్గిపుల్ల కూడా తనే గీసి వెలిగించారు. అంత పెద్దమనిషి తన సిగరెట్టు తాగాడని వీధి వీధంతా చెప్పుకుని, ఓటు ఆయనకే వేసి, మా అమ్మ చేతా నా చేతా కూడా వేయించారు. ఆయన గెలిచి హైదరాబాదు వెళ్ళాడు. తర్వాత అక్కడ సిగరెట్ల మీద పన్ను పెరిగింది.

"నా అరుగు మీద కూచుని, నా సిగరెట్టు నా అగ్గిపుల్లతో కాల్చుకుని, అక్కడికెళ్ళి నా సిగరెట్టు మీదే చెయ్యెత్తాడండీ! తిన్నింటి వాసాలు లెక్కెట్టడం అంటే ఇదే కాదూ?"

"పోనీలెండి. పెంచితేనన్నా మీరు మానేస్తారని చెయ్యెత్తారేమో" అనేది అమ్మ.

అమ్మకు ఆ పన్ను మీద కోపం ఉండేది కాదు. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, చుట్టలు కాల్చి కాల్చి, ఛాతీ పాడై, దగ్గి దగ్గి పోయాడు. అమ్మకు పెళ్ళైన ఏడే అది. అప్పటి నుంచి మా నాన్న దగ్గితే ఆవిడ చేతిలో ఉన్న పని ఆగిపోయేది. దగ్గు ఆగేదాకా అలాగే నిలబడి వినేది. మా గుడిలో, అంటే చర్చిలో, ప్రార్థన మనవులు చీటీల మీద రాసి పళ్ళెంలో వేయడం అలవాటు. పాస్టరు అయ్యగారు ఆరాధనలో వాటిని పైకి చదువుతారు. 'నా భర్త సిగరెట్టు మానవలెను' అని అమ్మ ఇరవై రెండేళ్ళుగా రాస్తూనే ఉంది. అయ్యగార్లు మారారు గానీ చీటీ మారలేదు. మా నాన్న పురుషుల వైపు ముందు వరసలో కూర్చుని, ఆ చీటీ ఎవరో వేరే ఊరి మనిషి గురించి అన్నట్టు తలూపేవారు.

ఒక ఏడు, వచ్చే ఒకటో తేదీ నుంచి సిగరెట్ల మీద పన్ను మళ్ళీ పెరుగుతుందని పేపర్లో పడింది. మా నాన్న నన్ను ఏమీ అనలేదు. బిల్లు పెట్టలేదు, 'మీరు' అనలేదు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, "గూడెం వెళ్ళొస్తాను, ఉల్లిపాయలు చవగ్గా ఉన్నాయంట" అని బయల్దేరారు. గూడెం అంటే తాడేపల్లిగూడెం. అక్కడ ఉల్లిపాయల మార్కెట్టుంది, ఆయన చిన్ననాటి స్నేహితుడి హోల్‌సేల్ కొట్టూ ఉంది. సాయంత్రం బస్సు పైనుంచి ఒక గోనె బస్తా దింపించారు. వంటకని చిన్న సంచిలో వేరే ఉల్లిపాయలు తెచ్చారు. బస్తా మాత్రం మూతి కుట్టి అటకెక్కించి, "ఇది ముట్టుకోకు, వానాకాలానికి" అని అమ్మకు చెప్పారు.

అసలు సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది గానీ, మీ దగ్గర దాచడం ఎందుకు. ఆ బస్తాలో పైన నాలుగు వరసలు ఉల్లిపాయలు, అడుగున నాలుగు వరసలు ఉల్లిపాయలు. మధ్యలో పాలిథిన్ కవర్లలో చుట్టిన సిగరెట్టు పెట్టెలు, పాత ధరవి, ఏడాదికి సరిపడా. ఒకటో తేదీ తర్వాత ఒక్క పైసా అసెంబ్లీకి ముట్టకూడదని ఆయన పంతం. మామూలు మనుషులు పన్ను పెరిగితే తిట్టుకుంటూ కొంటారు, లేదా మానేస్తారు. మా నాన్న దారి ఎప్పుడూ మూడోది.

ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో కాల్చడం మానేశారు. అమ్మ చూస్తే ఎక్కడివని అడుగుతుందని భయం. "షుగరుకి నడక మంచిదన్నారు" అని పొద్దునా సాయంత్రం కొల్లేటి వైపు చేపల చెరువుల గట్ల మీదికి వెళ్ళేవారు. ఆయనకు షుగరు లేదు. అక్కడ గూడకొంగలను చూస్తూ రెండు కాల్చి, జామాకు నమిలి, పాఠం ఒప్పజెప్పొచ్చిన పిల్లాడిలా ఇంటికొచ్చేవారు. నాకు నిజంగానే ఏమీ తెలియలేదు. మానేశారనుకుని సంతోషించాను కూడా. మా వీధి చివర బడ్డీకొట్టు పెట్టుకున్నావిడ ఒకరోజు అమ్మను ఆపి అడిగింది.

"మేష్టారికి ఒంట్లో బాగోలేదాండీ? ఇరవై రోజులైందండి పెట్టె కొని."

"బానే ఉన్నారమ్మా. మానేశారు" అంది అమ్మ.

సాయంత్రానికల్లా ఊరంతా ఆ మాటే. చెరువు గట్టు మీద నడుస్తున్న మా నాన్నను ఆపి మరీ జనం మెచ్చుకున్నారు. ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకుని, "ఏదో, మీ అభిమానం" అనేవారట.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన నెరవేరితే ఆదివారం నాడు నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఊరికే చెప్పకూడదు, ఇంట్లోంచి కృతజ్ఞతగా ఏదైనా తేవాలి. కోడిపుంజో, గుమ్మడికాయో, బియ్యమో. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద వాటికి వేలం పాట పెడతాడు, వచ్చిన డబ్బు గుడికి పోతుంది. ఆ ఆదివారం మా నాన్న గంట కొట్టడానికి ముందే వెళ్ళిపోయారు. అమ్మ తెల్లచీర కట్టుకుని, అటక వైపు చూపించి, "అమ్మాయ్, ఆ బస్తా దింపి బండి మీద పెట్టు" అంది.

"నాన్న ముట్టుకోవద్దన్నారు కదా?"

"దేవుడికిస్తే ఏమంటారు?"

దింపాను. ఒక్కదాన్నే దింపాను. ఉల్లిపాయల బస్తా ఇంత తేలికేమిటని నాకు అనుమానం కూడా రాలేదు. ఉద్యోగం చేస్తూ బలం పుంజుకున్నాననుకున్నాను.

గుడిలో పాట అయ్యాక అమ్మ లేచింది. నలుగురిలో మాట్లాడ్డం ఆవిడకు కొత్త. చీర కొంగు వేలికి చుట్టుకుని మొదలుపెట్టింది.

"సంఘానికి వందనాలండి. మా నాన్న దగ్గి దగ్గి పోయాడండి. ఆ దగ్గు నేను విన్నాను. మళ్ళీ మా ఇంట్లో ఆ దగ్గు వినకూడదని ఇరవై రెండేళ్ళు చీటీ రాశానండి. ఈయన సిగరెట్టు మానేశారు. పన్ను పెంచిన పెద్దలకి కూడా వందనాలండి, వాళ్ళ చేత దేవుడే పెంచించాడు. కృతజ్ఞతగా ఉల్లిపాయల బస్తా తెచ్చాను."

గుడంతా ఒక్కసారి "స్తోత్రం" అంది. ఇరవై రెండేళ్ళు ఒకే చీటీ విన్న జనం, వాళ్ళకూ భారం దిగినట్టయింది. స్త్రీల వైపు ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. నేను మా నాన్న వైపు చూశాను. అసెంబ్లీకి వందనాలు అన్నప్పుడు ఆయన ముఖం ఎర్రబడింది. బస్తా అన్నప్పుడు తెల్లబడింది. బలిపీఠం మెట్ల దగ్గర, కోడిపుంజుకీ గుమ్మడికాయకీ మధ్య, తను కుట్టిన బస్తాను అప్పుడే చూశారు. మిగతా ఆరాధనంతా ఆయన కళ్ళు మూసుకోకుండానే ప్రార్థించారు.

ముందు కోడిపుంజు పాట, తర్వాత గుమ్మడికాయ. బస్తా వంతు వచ్చింది. గుండుగొలనులో హైవే పక్కన టిఫిన్ హోటలు నడిపే ఒకాయన మా గుడికే వస్తాడు. ఉల్లిపాయలనగానే ఆయన ముందుకు జరిగాడు.

"మూతి విప్పి సరుకు చూపిస్తే పాట బాగొస్తుందండి" అంటూ సంఘ పెద్ద పురికొస మీద చెయ్యేశాడు.

"విప్పొద్దు!"

అది ముప్పై ఏళ్ళ డ్రిల్లు గొంతు. ఆ గుడిలో ఉన్న మగవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర చదివినవాళ్ళే. వాళ్ళు ఠక్కున నిటారుగా నిలబడ్డారు. సంఘ పెద్ద కూడా ఆయన శిష్యుడే, చేతులు తొడలకు ఆనించేశాడు.

"దేవుడికిచ్చిన కానుక విప్పి చూడ్డమేంటి, తప్పు కాదూ?" అని మా నాన్న సర్దుకున్నారు. అయ్యగారు నిజమేనన్నట్టు తలూపారు.

హోటలాయన మూడొందలన్నాడు. మా నాన్న ఐదొందలన్నారు. హోటలాయన ఆయన వైపు వింతగా చూసి ఐదొందల యాభై అన్నాడు. మా నాన్న వెయ్యి అన్నారు. తన ఇంటి బస్తాను తనే వెయ్యికి కొనుక్కునే మనిషిని మా ఊరు అంతవరకు చూడలేదు. హోటలాయనకు కళ్ళు చెమర్చాయి. "కృతజ్ఞత అంటే మేష్టారిదండి. ఆయన మీద నేను పాడను" అని కూర్చున్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. చప్పట్లు మోగాయి. మా నాన్న జేబులో చూసుకుని, నా వైపు చూశారు. ఆ వెయ్యీ నా పర్సులోంచే వెళ్ళింది. సిగరెట్ల మీద పెరిగిన పన్నును ఏడాదంతా కట్టినా అంత అయ్యేది కాదని ఆఫీసులో పనిచేసే నాకు ఇట్టే తెలిసిపోయింది.

ఇంటికి కాలవ గట్టు మీద నడిచే వచ్చాం. బస్తాను మోపెడ్ మీద పెట్టి నేను తోస్తున్నాను, అటొకరు ఇటొకరు పట్టుకున్నారు. సగం దూరం వచ్చాక మా నాన్న గొంతు సవరించుకున్నారు.

"ఏమోయ్, ఆ బస్తాలో..."

"తెలుసండి."

మోపెడ్ నా చేతిలో ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"మీరు గూడెం నుంచి వచ్చిన సాయంత్రం దబ్బనం ఎక్కడుందని అడిగారు. ముప్పై ఏళ్ళ కాపరంలో మీరు సూదైనా ముట్టుకున్నారా? మర్నాడు మీరు నడక్కి వెళ్ళినప్పుడు చెయ్యి పెట్టి చూశాను. మళ్ళీ కుట్టేశాను. మీ కుట్లకన్నా నా కుట్లే గట్టివి, మీరు చూసుకోలేదు."

పెట్టెలు తియ్యాల్సి వచ్చినప్పుడల్లా ఆయన బస్తా నడుం దగ్గర ఒక పక్క పోగులు జరిపి తీసుకునేవారట. మూతి వైపు చూసే అవసరమే రాలేదు.

"తెలిసీ గుళ్ళో అలా ఎలా చెప్పావే? దేవుడి ముందర?"

అమ్మ బస్తా మీంచి చెయ్యి తీసి కొంగు వేలికి చుట్టుకుంది. గుడిలో అబద్ధం చెప్పడం అమ్మకు ఎంత పెద్ద పాపమో నాకు తెలుసు. అరువు తెచ్చిన గుప్పెడు పంచదారకు కూడా గుప్పెడున్నర తిరిగిచ్చే మనిషి ఆవిడ.

"మీరు నాతో అబద్ధమాడారు. నేను దేవుడితో అబద్ధమాడాను. రెండిట్లో ఏది నిజం చేస్తారో మీ ఇష్టమండి" అంది.

అంతే. తర్వాత ఇంటిదాకా కోడిపుంజు ఎవరు పాడుకున్నారో, గుమ్మడికాయ ఎంత పలికిందో, అవే కబుర్లు చెప్పింది. ఆ సాయంత్రం ఆయన నడకకు వెళ్ళలేదు.

మూడో రోజు ఆయనే బస్తా దింపి అరుగు మీద విప్పారు. పెట్టెలు తిరిగిచ్చేద్దామంటే అన్నీ ఉల్లిపాయల కంపు. ఊరికే ఎవరికైనా ఇద్దామంటే, "నేను మానిన విషం వేరేవాళ్ళ నోట్లో పెట్టమంటారా?" అంది అమ్మ, మానింది తనే అయినట్టు. పెరట్లో వంకాయ మొక్కలకు పేను పట్టింది. పొగాకు నానబెట్టిన నీళ్ళు చల్లితే పేను చస్తుందని మా ప్రాంతంలో అందరికీ తెలుసు. అంచేత మా నాన్న బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కో సిగరెట్టూ చీల్చి పొగాకును బకెట్లో రాల్చడం మొదలుపెట్టారు. ఒక్కోటీ చీల్చే ముందు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. చూస్తుంటే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

కాసేపటికి అమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని, తనూ చీల్చడం మొదలుపెట్టింది. ఆవిడ వేళ్ళు మా నాన్న వేళ్ళకన్నా చురుగ్గా కదులుతున్నాయి.

"నీకు ఇంత బాగా ఎలా వచ్చిందే ఇది?" అన్నారు మా నాన్న.

"మా నాన్నకి చుట్టలు నేనే చుట్టేదాన్నండి. పన్నెండేళ్ళప్పట్నుంచి. నా చేతి చుట్టయితేనే ఆయనకి రుచి. రోజుకి పది చుట్టేదాన్ని."

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. మా నాన్న కూడా వినలేదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఇరవై రెండేళ్ళ చీటీ వెనక ఏముందో అప్పుడు తెలిసి నాకు ఏడుపొచ్చింది. మా నాన్న తన ఒడిలో పెట్టెలన్నీ తీసి అమ్మకు దూరంగా జరిపి, "నువ్వు లే. ఇవి నేను చూసుకుంటాను" అన్నారు. అమ్మ లేవలేదు. ఇద్దరూ కలిసే పూర్తి చేశారు.

మానడం మాత్రం మా ఇంటిల్లిపాదికీ శిక్షే అయింది. నోరు ఖాళీగా ఉండలేక ఆయన ట్రంకు పెట్టెలోంచి విజిలు తీశారు. అది నోట్లో పెట్టుకునే పేపరు చదివేవారు. పన్నుల వార్త వచ్చిన చోట అది దానంతటదే మోగేది. పక్కింటివాళ్ళు ఆ మోతను బట్టే అసెంబ్లీ సంగతులు తెలుసుకునేవారు. ఆ ఏడు వంకాయలు మాత్రం విరగకాశాయి.

తర్వాతి ఎన్నికలకు ఆ పెద్దమనిషే మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఎండ, మళ్ళీ మా అరుగు, వెనక ఈసారి యాభై మంది. కూర్చుంటూనే చెయ్యి చాపాడు.

"ఏం మేష్టారూ, ఒకటి ఇలా ఇవ్వండి."

"మానేశానండి."

ఆయన సంతోషంగా వెనక్కి తిరిగి తన మనుషులందరికీ వినపడేలా అన్నాడు. "చూశారా? మేం పన్ను పెంచినందుకు అందరూ తిట్టారు. ఇదిగో, మేష్టారిలాంటివాళ్ళు ఎంతమంది బాగుపడ్డారో!"

నేను లోపలి నుంచి వింటూ ఉలిక్కిపడ్డాను. ఇక విజిలు మోగుతుందనుకున్నాను. మా నాన్న విజిలు తీసి జేబులో పెట్టుకుని, గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో నిలబడ్డ అమ్మ వైపు తిరిగారు.

"మీ పన్నుకి నేను మానలేదండి. మీ పన్నుకైతే బస్తాడు కొన్నాను. ఈవిడ మాటకి మానాను."

అమ్మ ఆ పెద్దమనిషికి తెచ్చిన మంచినీళ్ళు మా నాన్నకు ఇచ్చేసి లోపలికి వచ్చేసింది.